ఇంటి కంప్యూటరు నిర్వహణ

ఇంటి కంప్యూటరు నిర్వహణ అనగా ఇళ్ళలో వాడుకునే డెస్క్‌టాపు, ల్యాప్‌టాపు కంప్యూటర్లు చెడిపోకుండా, మందగించకుండా, వాటిలో దాచుకున్న సమాచారం పోకుండా ఎప్పటికప్పుడు తీసుకునే జాగ్రత్తలు. విద్యుత్తు సరఫరా, యంత్రపు శుభ్రత, డిస్కు సంరక్షణ, సాఫ్టువేరు నవీకరణ, వైరసుల నుండి రక్షణ, ముఖ్యమైన ఫైళ్ళకు నకళ్ళు తీసి ఉంచుకోవడం ఇందులోకి వస్తాయి. కార్యాలయాలలో ఈ పనికి ప్రత్యేకంగా ఉద్యోగులు ఉంటారు. ఇళ్ళలో ఆ బాధ్యత వాడుకునేవారిదే. సాధారణంగా ఇది ఇంట్లో చదువుకుంటున్న పిల్లల మీద పడుతుంది.

వాడుకలో నిర్వహణ అనే మాటకు కంప్యూటరు వేగం పెంచడం అనే అర్థమే స్థిరపడిపోయింది. నిజానికి వేగానిది రెండవ స్థానం. మదర్‌బోర్డు కాలిపోతే మరొకటి కొనవచ్చు, నెమ్మదించిన యంత్రాన్ని మార్చవచ్చు. పదేళ్ళ కుటుంబ ఛాయాచిత్రాలు, పూర్తికావచ్చిన సిద్ధాంత గ్రంథం, ఇంటి పెద్దలు టైపు చేసి పెట్టుకున్న జ్ఞాపకాలు ఏ దుకాణంలోనూ దొరకవు. అందువలన ఏ జాగ్రత్త ముందు, ఏది వెనుక అనే ప్రశ్న వచ్చినప్పుడు సమాచారాన్ని కాపాడే జాగ్రత్తకే పెద్దపీట వేయాలి.

విద్యుత్తు సరఫరా

భారతదేశంలో ఇళ్ళకు 230 వోల్టుల, 50 హెర్ట్జుల ఏకాంతర విద్యుత్తు సరఫరా అవుతుంది. డెస్క్‌టాపు లోపలి భాగాలకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పిడి చేసే పెట్టెను ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. సరఫరా ఆగిన తరువాత ఇది తన కెపాసిటర్లలో నిలవ ఉన్న శక్తితో పూర్తి భారం మీద సుమారు 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే యంత్రాన్ని నడపగలదు. రెప్పపాటు కన్నా తక్కువ కాలం కరెంటు పోయినా కంప్యూటరు ఆగిపోయి మళ్ళీ మొదలవడానికి కారణం ఇదే.

డిస్కు మీద ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే ఆ పని సగంలో నిలిచిపోతుంది. విండోసులో వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్., లినక్సులో వాడే ఎక్స్‌ట్4 వంటి ఫైలు వ్యవస్థలు చేయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో రాసుకుని, ఆ తరువాతనే అమలు చేస్తాయి. మధ్యలో అంతరాయం కలిగితే ఆ చిట్టాను చూసి సర్దుకుంటాయి. అయితే ఈ ఏర్పాటు ప్రధానంగా కాపాడేది ఫైళ్ళ అమరికను. అప్పుడే టైపు చేస్తున్న పాఠం దక్కుతుందనే హామీ లేదు. పెన్ డ్రైవులలో సాధారణంగా ఉండే ఫ్యాట్32 పద్ధతికి ఈ చిట్టా కూడా లేదు. పెన్ డ్రైవును ఉన్నపళంగా పీకకూడదని చెప్పేది ఇందుకే.

ఇళ్ళలో వాడే చిన్న యు.పి.ఎస్.లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. అది చేస్తున్న పనిని భద్రపరచి, యంత్రాన్ని పద్ధతిగా ఆపడానికి ఉద్దేశించినది. కరెంటు లేనంతసేపూ సినిమా చూడటానికి వాడితే బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది. ఈ బ్యాటరీలు కొన్నేళ్ళకే చతికిలపడతాయి. అవి చెడిన సంగతి మాత్రం కరెంటు పోయిన రోజునే బయటపడుతుంది. మూడు నెలలకొకసారి ముఖ్యమైన పనేదీ తెరచి ఉంచకుండా గోడ స్విచ్చి కట్టివేసి, యు.పి.ఎస్. ఎంతసేపు నిలుస్తున్నదో చూసుకోవడం మంచిది. లేజర్ ప్రింటరును యు.పి.ఎస్.కు తగిలించకూడదు. కాగితం మీద సిరాపొడిని కరిగించే భాగం ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగుతుంది.

ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో యు.పి.ఎస్. అవసరం లేదనుకుంటారు. ఇది సగమే నిజం. చాలా ఇన్వర్టర్లకు రెండు స్థానాల మీట ఒకటి ఉంటుంది. ఒక స్థానాన్ని యు.పి.ఎస్. అని, రెండవదాన్ని ఎకో లేక నార్మల్ అని గుర్తిస్తారు. రెండవ స్థానంలో ఫ్యాన్లు, దీపాలు హాయిగా నడుస్తాయి కానీ, మెయిన్సు నుండి బ్యాటరీకి మారడానికి పట్టే వ్యవధిని కంప్యూటరు తట్టుకోలేకపోవచ్చు. కంప్యూటరు ఉన్న ఇంట్లో మీట యు.పి.ఎస్. స్థానంలో ఉండాలి. చవకరకం ఇన్వర్టర్లు ఇచ్చే చతురస్రాకార తరంగం కొన్ని కొత్త ఎస్.ఎం.పి.ఎస్.లకు పడదు. శుద్ధ సైన్ తరంగం ఇచ్చేవి మేలు.

ఎర్తింగు విషయంలో అశ్రద్ధ చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. నడుస్తున్న కంప్యూటరు లోహపు పెట్టెను తాకినప్పుడు వేళ్ళకు జిల్లుమని తగిలితే ఆ ప్లగ్గుకు ఎర్తు అందడం లేదని అనుమానించాలి. ఎస్.ఎం.పి.ఎస్.లో వడపోతకు అమర్చిన చిన్న కెపాసిటర్లు పెట్టెను అటు ఫేజుకు, ఇటు న్యూట్రలుకు కలుపుతాయి. ఎర్తు లేనప్పుడు పెట్టె మీద సరఫరాలో దాదాపు సగం, అనగా 115 వోల్టుల వరకు తేలుతుంది. ప్రవహించే కరెంటు స్వల్పం కనుక జిల్లుమనడంతో సరిపోతుంది. లోపల నిజంగా తీగ తెగి పెట్టెకు ఆనితే మాత్రం అదే పెట్టె ప్రాణాంతకం కాగలదు. చెప్పులు వేసుకుని కూర్చోవడం దీనికి పరిష్కారం కాదు. ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు సరిచేయించాలి. మూడవ పిన్ను విరిచి రెండు రంధ్రాల సాకెట్టులో పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు.

వేసవి సాయంకాలాల్లో ఉరుములు మొదలైనప్పుడు స్విచ్చి కట్టివేయడం చాలదు, ప్లగ్గును తీసివేయాలి. రాగి తీగల ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండు కనెక్షను ఉంటే ఆ తీగను కూడా ఊడదీయాలి. గాజు తీగ అయిన ఫైబరు స్వయంగా విద్యుత్తును మోసుకురాదు. రౌటరు అడాప్టరుకు మాత్రం ఈ ప్రమాదం ఉన్నది. సమీపంలో పడిన పిడుగును ఇంట్లో వాడే స్టెబిలైజరు గానీ, యు.పి.ఎస్. గానీ ఆపలేవు.

ధూళి, వేడి

కంప్యూటరులోని ఫ్యాన్లు బయటి గాలిని లోపలికి లాగుతాయి. ఆ గాలితో పాటు వచ్చే దుమ్ము ప్రాసెసరు మీది లోహపు రెక్కల మధ్య మెత్తని పొరగా పేరుకుంటుంది. అప్పుడు వేడి బయటకు పోదు. వేడి ఒక హద్దు దాటితే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చాలా ప్రాసెసర్లలో ఈ హద్దు 100 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూఇటూగా ఉంటుంది. ఇంకా పెరిగితే యంత్రం ఆగిపోతుంది. డిసెంబరులో చక్కగా నడిచిన కంప్యూటరు మే నెలలో నత్తనడక నడిస్తే వైరసు పట్టిందని ఫార్మాటు చేయించే ముందు ఒకసారి ఫ్యాను చప్పుడు వినాలి, పెట్టె తెరచి చూడాలి.

శుభ్రం చేసేటప్పుడు ప్లగ్గు తీసి, పవరు బటనును కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, లోపల మిగిలిన విద్యుత్తును పోనివ్వాలి. మెత్తని పొడి కుంచెతోను, చేతి బ్లోయరుతోను దుమ్ము దులపవచ్చు. బ్లోయరు వాడేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. లేకుంటే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూం క్లీనరు స్థిర విద్యుత్తును పుట్టిస్తుంది కనుక దానిని లోపల వాడరాదు. తడిగుడ్డ అసలే కూడదు. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు దానిలో ప్రమాదకరమైన వోల్టేజి ఉంటుంది.

కంప్యూటరు మొదలుకాక బీప్ బీప్ మంటున్నప్పుడు ర్యాము పలకను తీసి, దాని అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది, తిరిగి పెట్టడం మన మెకానిక్కులందరికీ తెలిసిన చిట్కా. ఇది చాలాసార్లు పనిచేస్తుంది. ఫలితంలో ఎక్కువ పాలు పలకను తీసి గట్టిగా తిరిగి అమర్చడానిదే. గరుకు రబ్బరుతో పదేపదే రుద్దితే అంచుకున్న పలుచని బంగారు పూత అరిగిపోతుంది.

కంప్యూటరుకు గుడ్డ కప్పడం తెలుగు ఇళ్ళలో పాత అలవాటు. పూర్తిగా ఆపిన తరువాత కప్పితే దుమ్ము పడదు. నడుస్తుండగా కప్పితే గాలి ఆడదు. ల్యాప్‌టాపును పరుపు మీద, దిండు మీద పెట్టి వాడటం కూడా ఇటువంటిదే, అడుగున ఉన్న గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. ల్యాప్‌టాపు అడుగుభాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా లోపలి లిథియం-అయాన్ బ్యాటరీ ఉబ్బిందని గ్రహించి వాడకం వెంటనే ఆపాలి. దానిని గుచ్చడం, నొక్కడం చేస్తే మంటలు రేగవచ్చు.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత 3 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. యంత్రం ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది ఇదే. ఇది అయిపోతే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలు చెల్లనివిగా కనిపించి, బ్యాంకు సైట్లు సైతం సురక్షితం కావనే హెచ్చరికలు వస్తాయి. వైరసు భయంతో హడావిడి పడే ముందు తెర మూలన ఉన్న గడియారం చూడటం మంచిది.

డిస్కు సంరక్షణ

సాంప్రదాయిక హార్డు డిస్కులో అయస్కాంత పూత గల పళ్ళాలు నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతుంటాయి. చదివే ముల్లు వాటి మీద తాకకుండా అతి సమీపంలో తేలుతుంది. నడుస్తున్న డిస్కును కదిపినా, పడవేసినా ముల్లు పళ్ళాన్ని గీయవచ్చు. కొత్త యంత్రాలలో ఎక్కువగా వచ్చే ఎస్.ఎస్.డి.లో కదిలే భాగాలు లేవు. అది ఫ్లాష్ మెమొరీతో పనిచేస్తుంది. దానిపై రాయడానికి ఒక పరిమితి ఉన్నప్పటికీ సాధారణ గృహ వినియోగంలో ఆ పరిమితిని చేరడం అరుదు.

హార్డు డిస్కు మీద ఒకే ఫైలు ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేరినప్పుడు చదవడం ఆలస్యమవుతుంది. ఈ ముక్కలను ఒకచోట చేర్చడాన్ని డీఫ్రాగ్మెంటేషన్ అంటారు. 2000ల మొదట్లో ఇది చేత్తో చేయవలసిన పని. విండోస్ విస్టా నుండి కంప్యూటరు తనంతట తానే చేసుకుంటున్నది. ఎస్.ఎస్.డి.కి దీని అవసరం లేదు. ఖాళీ అయిన చోట్లను ట్రిమ్ అనే ఆదేశంతో డిస్కుకు తెలియజేస్తే చాలు, ఇది విండోస్ 7 నుండి అందుబాటులో ఉన్నది. డిస్కు నిండుగా లేకుండా చూసుకోవడం మాత్రం రెండింటికీ ముఖ్యమే. పదో వంతు కన్నా తక్కువ ఖాళీ ఉంటే నవీకరణలు ఆగిపోతాయి, పని మందగిస్తుంది.

డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే నమోదు చేసుకునే స్మార్ట్ అనే ఏర్పాటు ఉన్నది. పాడైపోయి పక్కన పెట్టిన గడుల సంఖ్య అందులో పెరుగుతుంటే డిస్కును మార్చాలి. కానీ ఈ సూచికలను పూర్తిగా నమ్ముకోరాదు. గూగుల్ ఉద్యోగులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రం ప్రకారం, చెడిన డిస్కులలో సగానికి పైగా వాటిలో అతి ముఖ్యమైన నాలుగు సూచికల్లో ఏ హెచ్చరికా కనిపించలేదు. ఉష్ణోగ్రత తప్ప మిగిలిన సూచికలన్నీ కలుపుకున్నా మూడో వంతుకు మించిన డిస్కులు ముందస్తు సంకేతం లేకుండానే పోయాయి. డిస్కు టిక్కు టిక్కుమని శబ్దం చేయడం మొదలైతే దానిపై మరమ్మతు ప్రోగ్రాములు నడపకుండా, ముందుగా ముఖ్యమైన ఫైళ్ళను వేరొక చోటికి తీసుకోవాలి.

పాత కంప్యూటరు వేగానికి ఒకే ఒక ఖర్చు పెట్టదలిస్తే హార్డు డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. అమర్చుకోవడం అన్నిటికన్నా ఫలవంతం.

ఆపరేటింగ్ సిస్టం నవీకరణలు

2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు నిలిచిపోయింది. మద్దతు ముగిసిన మరునాడు యంత్రం ఆగిపోదు. కానీ ఆ తరువాత బయటపడే లోపాలకు సవరణలు రావు. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగం ఉండాలన్న నియమం వలన చక్కగా పనిచేస్తున్న ఎన్నో కంప్యూటర్లకు దానికి మారే మార్గం లేకపోయింది. అటువంటి వాటిలో లినక్సు పంపిణీలలో తేలికరకమైన దానిని స్థాపించుకోవచ్చు. ఉబుంటు దీర్ఘకాలిక మద్దతు వెర్షన్లకు 5 సంవత్సరాలు ఉచితంగా సవరణలు అందుతాయి.

మైక్రోసాఫ్ట్ 2003 నుండి ప్రతి నెల రెండవ మంగళవారం భద్రతా సవరణలు విడుదల చేస్తున్నది. భారత కాలమానం ప్రకారం ఇవి మంగళవారం రాత్రి వస్తాయి. వీటిని వాయిదా వేయడం వలన కలిగే నష్టానికి 2017 నాటి వాన్నాక్రై ఉదాహరణ. అది వాడుకున్న లోపానికి సవరణ 2017 మార్చి 14నే వెలువడింది. వాన్నాక్రై మే 12న విజృంభించింది. మధ్యలో దాదాపు రెండు నెలల వ్యవధి ఉన్నప్పటికీ సవరణ వేసుకోని యంత్రాలలోని ఫైళ్ళు తాళం పడిపోయాయి, తెరవడానికి సొమ్ము అడిగారు. బాధిత యంత్రాలలో ఆంధ్ర ప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా ఉన్నాయి.

నవీకరణ తరువాత యంత్రాన్ని రీస్టార్టు చేయాలి. విండోస్ 8 నుండి షట్‌డౌన్‌కు, రీస్టార్టుకు తేడా ఏర్పడింది. త్వరగా మొదలయ్యేందుకు షట్‌డౌన్ సమయంలో వ్యవస్థ స్థితిని కొంతవరకు డిస్కు మీద దాచి, మరుసటి రోజు దానినే తిరిగి ఎత్తుకుంటుంది. అందువలన రోజూ షట్‌డౌన్ చేసే కంప్యూటరులో కూడా చిన్న చిన్న చిక్కులు వారాల తరబడి పేరుకుంటాయి. రీస్టార్టు చేస్తే అవి తొలగిపోతాయి.

వేగం పెంచుతామనే ప్రోగ్రాములు

విండోసు అమరికలన్నీ నమోదై ఉండే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే ప్రోగ్రాములు 2000లలో విరివిగా ప్రచారమయ్యాయి. రిజిస్ట్రీలో మిగిలిపోయిన పాత పద్దులు తీసివేయడం వలన వేగంలో గుర్తించదగిన మార్పు రాదు. అవసరమైన పద్దు పోతే మాత్రం విండోసే మొదలుకాకపోవచ్చు. ఇటువంటి ప్రోగ్రాములను వాడటాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు. పేరున్న ప్రోగ్రాములు సైతం అపాయానికి అతీతం కావు. ఎంతో ప్రసిద్ధమైన సీక్లీనర్ 5.33 వెర్షనులో ఆగంతకులు హానికర సంకేతాన్ని చొప్పించగా, అది 2017 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తయారీదారు సొంత సైటు నుండే లక్షల కంప్యూటర్లలోకి చేరింది.

నిజంగా ఉపయోగపడేవి విండోసులోనే ఉన్నాయి. టాస్క్ మేనేజరులో స్టార్టప్ జాబితా చూసి, ప్రతిసారీ అనవసరంగా మొదలయ్యేవాటిని ఆపవచ్చు. వాడని ప్రోగ్రాములను తొలగించవచ్చు. రెండు యాంటీవైరసులు ఒకేసారి నడిపితే రక్షణ రెట్టింపు కాదు సరికదా, అవి ఒకదానినొకటి అడ్డుకుంటాయి. విండోస్ 10, 11లతో పాటే వచ్చే డిఫెండరు ఇంటి అవసరాలకు సరిపోతుంది. కంప్యూటరుకు వైరసు సోకిందని, ఫలానా నంబరుకు ఫోను చేయమని తెర మీద ప్రత్యక్షమయ్యే ప్రకటనలు మోసాలు. ఏ కంపెనీ అలా పిలవదు.

జిరాక్సు షాపులు, ఫోటో స్టూడియోల నుండి తిరిగివచ్చిన పెన్ డ్రైవులలో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి కనిపించడం తరచుగా జరుగుతుంది. అసలు ఫోల్డర్లు సాధారణంగా అందులోనే దాగి ఉంటాయి. వాటి స్థానంలో కనిపించే షార్ట్‌కట్టును నొక్కితే వైరసు నడుస్తుంది. కనుక పెన్ డ్రైవును తెరిచే ముందు స్కాను చేయాలి. ప్రింటు తీయించుకోవడానికి ముఖ్యమైన ఫైళ్ళు లేని వేరొక పెన్ డ్రైవు కేటాయించుకోవడం సులభమైన ఉపాయం.

బ్యాకప్

ముఖ్యమైన ఫైళ్ళకు నకళ్ళు తీసి వేరొక చోట భద్రపరచడాన్ని బ్యాకప్ అంటారు. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ విఫలమైన రోజున మిగిలేది ఇదొక్కటే. అమెరికను ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం దీనికి ప్రాతిపదిక: ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల మాధ్యమాలలో ఉండాలి, ఒకటి ఇంటికి వెలుపల ఉండాలి. దొంగతనం, అగ్నిప్రమాదం, వరద వంటివి ఇంట్లోని ప్రతులన్నిటినీ ఒకేసారి తీసుకుపోతాయి కాబట్టి మూడవ నియమం పెట్టారు. క్లౌడులో ఒక ప్రతి ఉన్నా, ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో ఒక డిస్కు ఉన్నా ఈ నియమం నెరవేరుతుంది.

ఒకే హార్డు డిస్కులోని సి డ్రైవు నుండి డి డ్రైవుకు ఫైళ్ళు మార్చి నిశ్చింతగా ఉండేవారు చాలామంది. రెండూ ఒకే పళ్ళెం మీది విభాగాలు. డిస్కు పోతే రెండూ పోతాయి. ఫోనుకు, క్లౌడుకు నిరంతరం సరిపోల్చుకునే సింక్ పద్ధతి కూడా పూర్తి బ్యాకప్ కాదు. ఒకచోట పొరపాటున చెరిపిన ఫైలు రెండో చోట కూడా చెరిగిపోతుంది. ఎప్పుడూ తగిలించి ఉంచే ఎక్స్‌టర్నల్ డిస్కు వాన్నాక్రై వంటి వాటికి సులభంగా దొరుకుతుంది. నకలు తీయడం పూర్తి కాగానే దానిని ఊడదీసి బీరువాలో పెట్టాలి.

మాధ్యమాలు కూడా శాశ్వతం కావు. 2000లలో పెళ్ళిళ్ళ వీడియోలు, ఫోటోలు రాసి పెట్టుకున్న సీడీలు, డీవీడీలలోని రంగు పూత వేడికి, వెలుతురుకు క్రమంగా చెడుతుంది. అవి ఇంకా ఉన్న ఇళ్ళలో వాటిని చదవగల డ్రైవు దొరుకుతుండగానే వేరే డిస్కు మీదకు ఎక్కించుకోవాలి. బ్యాకప్ నుండి ఫైళ్ళను వెనక్కి తెచ్చుకుని, తెరచి చూసే పరీక్ష ఆరు నెలలకొకసారైనా చేయాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నదో లేదో చెప్పలేము.

తెలుగు ఫైళ్ళ విషయంలో

తెలుగులో రాసుకున్న పాత ఫైళ్ళకు మరొక అపాయం ఉన్నది. డిస్కు చెక్కుచెదరకపోయినా ఇవి చదవడానికి పనికిరాకుండా పోవచ్చు. యూనికోడ్ మొదటి వెర్షనులో 1991లోనే తెలుగుకు స్థానం లభించినప్పటికీ, ఇళ్ళలోని కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు కనిపించడం విండోస్ ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఫాంటు కాలం నుండి పెరిగింది. అంతకు ముందు, ముద్రణ రంగంలో ఆ తరువాత కూడా, అను వంటి ఫాంట్లు వాడేవారు. వీటిలో తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు లేవు. ఆంగ్ల అక్షరాల సంకేతాల మీద తెలుగు అక్షరాల బొమ్మలు తొడిగేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే అర్థం లేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి.

డి.టి.పి. కేంద్రాలలో కూర్చిన కవితా సంపుటాలు, కులదైవ చరిత్రలు, ఊరి చరిత్రలు ఎన్నో పేజ్‌మేకర్ ఫైళ్ళుగా ఈ స్థితిలో ఉన్నాయి. పేజ్‌మేకర్ ప్రధాన వెర్షన్లలో చివరిదైన 7.0 2001లో వెలువడింది. పుస్తకం అచ్చయిన తరువాత ఆ ఫైలును ఎవరూ తెరవరు, తెరవవలసిన అవసరం వచ్చేసరికి దానిని నడిపే యంత్రం ఉండదు. పి.డి.ఎఫ్. ప్రతి ఉంటే చదువుకోవచ్చు గానీ, అందులో ఒక మాట వెతకడం, ఒక పేరా నకలు చేసుకోవడం కుదరదు.

ఇటువంటి ఫైళ్ళు ఉన్నవారు బ్యాకప్‌లో ఫైలుతో పాటు ఆ ఫాంటును, ఏ ఫాంటులో ఏ ప్రోగ్రాముతో చేశారో తెలిపే చిన్న పాఠాన్ని కూడా ఉంచాలి. పాత ఫాంట్ల నుండి యూనికోడ్‌కు మార్చే పరికరాలు అందుబాటులో ఉన్నాయి. వీటిలో వత్తులు, గుణింతాలు అక్కడక్కడా తారుమారవుతాయి కనుక మార్చిన పాఠాన్ని అచ్చుప్రతితో సరిచూసుకోవాలి. ఆ రచన చేసినవారు, లేదా దానిని ఎరిగినవారు అందుబాటులో ఉన్నప్పుడే ఈ పని చేయడం ఉత్తమం. సందేహం వచ్చిన చోట ఏ పదం ఉండాలో చెప్పగలిగేది వారే.